బ్రేకు మీద కేసు

తను వెంట తిరిగే నాయకుడు సారు ఎన్నికల్లో ఓడిపోయిన రోజు సాయంత్రం బ్రేకు బావగారింటికి వచ్చాడు. గేటు దగ్గర పగిలిన మెట్టును అలవాటుగా దాటి, చెప్పులు విడిచి, వరండాలో పేపరు చదువుకుంటున్న బావ చేతిలో కోర్టు సమన్లు పెట్టాడు.

"సారుకి డిపాజిట్టు కూడా దక్కలేదు బావా. నాకు మాత్రం ఇది దక్కింది," అన్నాడు.

బావ వకీలు. పేరున్న వకీలే. కాని భార్య పోయినప్పటినుంచి కొత్త కేసు ముట్టుకోలేదు. ఉన్నవాటిని జూనియర్లకు అప్పగించి, ఆఫీసు గది తలుపు దగ్గరగా వేసేసి, రోజులు వెళ్లబుచ్చుతున్నాడు. బ్రేకు ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడు. అక్క పోయాక కూడా ఆదివారం వచ్చిందంటే చాలు, వచ్చి బావను కాసేపు నవ్వించి వెళ్లేవాడు. ఆవిడ మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తేవారు కాదు.

బ్రేకు అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, ప్రచారంలో వచ్చింది. నాయకుడు వీధిలో ముందుకు నడుస్తుంటే ఫొటోగ్రాఫర్లు ఆయనకు ఎదురుగా నిలబడి వెనక్కి నడుస్తారు. కళ్లు కెమెరాలో ఉంటాయి, కాళ్లు ఎక్కడ పడుతున్నాయో దేవుడికే తెలియాలి. అందుకని నాయకుడి పక్కన నడిచే సహాయకుడు వాళ్లను కూడా ఓ కంట కనిపెట్టి ఉంటాడు. స్తంభం వస్తే మోచేయి పట్టి పక్కకు తిప్పుతాడు, గుంట వస్తే చొక్కా పట్టి ఆపుతాడు. అది ఆ పనిలో మామూలే. ఎవరూ ఏమీ అనుకోరు. సారు పక్కన ఏళ్ల తరబడి నడిచినవాడు ఇతనే. అడ్డం వచ్చినప్పుడల్లా "బ్రేకు, బ్రేకు" అని కేకేసేవాడు కాబట్టి ఆ పేరే స్థిరపడిపోయింది.

ప్రచారం చివరి రోజున మార్కెట్ వీధిలో ఒక పేపరులో కొత్తగా చేరిన ఫొటోగ్రాఫరు అలాగే వెనక్కి నడుస్తున్నాడు. అతని వెనక మందుల దుకాణం మెట్టు ఉంది. బ్రేకు వేసిన కేక మైకుల హోరులో కలిసిపోయింది. ఇక లాభం లేదని చెయ్యి చాపి, కెమెరా పట్టీ పట్టుకుని తనవైపు లాగాడు. ఫొటో తీయనివ్వకుండా అడ్డుకుంటున్నాడనుకుని అతను వెనక్కి గుంజుకున్నాడు. పట్టీ తెగింది, మనిషి మెట్టు మీద పడ్డాడు. భుజం బెణికింది, కెమెరా పగిలింది. పార్టీ మనిషి తన మీద చేయి చేసుకున్నాడని కేసు పెట్టాడు.

ఇంకొకరైతే జరిమానా కట్టి చేతులు దులుపుకునేవారు. బ్రేకుకు అలా కుదరదు. రాజకీయాలకు ఒక దండం పెట్టేసి, స్కూలు బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే పని మాట్లాడుకున్నాడు. చేయి చేసుకున్నాడన్న మచ్చ ఉన్న మనిషికి పిల్లల్ని ఎలా అప్పగిస్తామని, కేసు తేలాక రమ్మని స్కూలువాళ్లు మర్యాదగానే చెప్పారు. నేరం రుజువైతే ఆ పని లేనట్టే.

"ఇన్నాళ్లూ ఓట్లున్నవాళ్ల చుట్టూ తిరిగాను. ఇకనైనా ఓట్లు లేనివాళ్లతో హాయిగా ఉందామనుకున్నాను బావా," అన్నాడు.

బావ లేచి వెళ్లి ఆఫీసు గది తలుపు తీశాడు. బల్ల మీది దుమ్ము తువ్వాలుతో తుడిచి, అదే తువ్వాలు భుజాన వేసుకుని కూర్చున్నాడు.

"సరిగ్గా విను. అవతలివాడికి ఇష్టం లేకుండా, వాణ్ణి నొప్పించాలనో బెదిరించాలనో కావాలని ముట్టుకుంటే అది నేరం. ఊరికే ముట్టుకున్నంత మాత్రాన కాదు. ఇష్టం ఉందని చూపించినా, చెడు ఉద్దేశం లేదని చూపించినా కేసు నిలబడదు."

అసలు ముట్టుకోలేదని చెప్పే దారి మొదటే మూసుకుపోయింది. సగం వీధి ఫోన్లలో తీసిపెట్టింది. జనం తోస్తే పొరపాటున చెయ్యి తగిలిందని చెప్పవచ్చునని వకీలు అన్నాడు.

"ఎవరూ తొయ్యలేదు. నేనే పట్టుకున్నాను. అబద్ధమాడితే నా మొహం మీద తెలిసిపోతుంది."

"నీ మొహం మీద ఏం తెలుస్తుందిరా, ఉన్నదంతా మీసమే."

పార్టీ వకీలు కాగితం మీద రాసి పంపిన దారి ఇంకొకటి ఉంది. ఫొటోగ్రాఫరు సారు మీదికి దూసుకొచ్చాడని, ఆయన్ని కాపాడటానికే లాగానని చెప్పాలి. పక్కమనిషిని కాపాడటానికి అవసరమైనంత బలం వాడితే చట్టం తప్పు పట్టదు. సాక్ష్యం చెప్పడానికి పార్టీలో కావలసినంతమంది ఉన్నారు. ఉన్నవాటిలో ఇదే గట్టి దారి అని బావకు కూడా అనిపించింది. బ్రేకు మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"నాయకుడి మీద పడ్డాడని కోర్టులో తేలితే రేపు అతన్ని పనిలో ఎవరుంచుకుంటారు బావా? నా బస్సు కోసం అతని కెమెరా లాక్కోమంటావా?"

వకీలు కాగితాల మీదికి వంగాడు. ఆయన సాయంత్రాలు కేసు కాగితాలు పైకి చదువుతుంటే, ఎదురుగా కూర్చుని బట్టలు మడతపెడుతూ, "మరి అవతలివాడి సంగతో?" అని అడిగే మనిషి ఒకరుండేవారు. ఒకే ఇంటి పిల్లలు కదా అనుకున్నాడు. పార్టీ వకీలు పంపిన కాగితం మడిచి పక్కన పెట్టేశాడు.

ఇక మిగిలింది నిజమే. పడిపోతున్న మనిషిని మంచి ఉద్దేశంతో పట్టుకున్నాడు. ఆ పనిలో అలా పట్టుకోవడానికి అందరూ మాట అనకుండానే ఒప్పుకుని ఉంటారు. కాని ఇవతలివాడి ఉద్దేశం ఏమిటో అవతలివాడికి ఎలా కనిపిస్తుంది? పైగా ఫిర్యాదుతో పాటు ఫొటోగ్రాఫరు పడబోయేముందు తీసిన ఆఖరి ఫొటో జతచేశాడు. అందులో ఫ్రేము నిండా ఒక పెద్ద చెయ్యి, దాని వెనక ఇంత నోరు తెరిచిన బ్రేకు. దాన్ని చూస్తే కొట్టడానికే వస్తున్నాడని సొంత బావకే అనిపించింది.

"అసలు ఎలా జరిగిందో నాకు చేసి చూపించు," అన్నాడు వకీలు.

తనే ఫొటోగ్రాఫరై, భుజం మీది తువ్వాలును కెమెరా పట్టీలా మెడకు తగిలించుకుని, కళ్లజోడు పెట్టెను కంటికి ఆనించుకుని, హాల్లోంచి వరండాలోకి, వరండాలోంచి గేటువైపు వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. బ్రేకు సారులాగా చేతులు జోడించి దండాలు పెడుతూ ఎదురుగా వస్తున్నాడు. గోడ అవతల మొక్కలకు నీళ్లు పోస్తున్న పక్కింటావిడ చూసి, "ఏమిటి వకీలుగారూ, ఈ వయసులో రివర్సు గేరు?" అంది. కోర్టు పని అని ఆయన గంభీరంగా జవాబిచ్చాడు.

మొదట్లో కాళ్లు తడబడ్డాయి. కాసేపటికి బ్రేకు చెయ్యి వచ్చి మోచేతిని కొద్దిగా పట్టుకుంది. పూలకుండీ దగ్గర ఇటు తిప్పింది, కుర్చీ దగ్గర అటు తిప్పింది. చాలా రోజుల తర్వాత వకీలుకు వెనకాల ఏముందోనన్న బెంగ లేకపోయింది. హాయిగా నడిచాడు. ఎక్కడిదాకా వచ్చాడో మరిచిపోయాడు.

"బ్రేకు!"

బ్రేకు పట్టి లాగగానే మెడ వెనక తువ్వాలు బిగిసింది. మనిషి అక్కడికక్కడ ఆగాడు. మడమ కింద పగిలిన మెట్టు అంచు తగిలింది. మొహానికెదురుగా ఫొటోలో ఉన్న ఆ చెయ్యే ఉంది, ఆ నోరే ఉంది. కాని బ్రేకు చూపు ఆయన మొహం మీద లేదు. కిందికి, ఆయన మడమల మీద ఉంది.

"మళ్లీ ఒకసారి," అన్నాడు వకీలు.

"నడుం విరగ్గొట్టుకుంటావా బావా? అప్పుడు నీ కేసు కూడా నా మీదే పెడతారు."

అయినా మళ్లీ నడిచారు. మళ్లీ మెట్టు దగ్గర ఆ చూపు కిందికే వెళ్లింది. వకీలు తువ్వాలు మెడలో ఉండగానే లోపలికి వెళ్లి, భూతద్దం తీసి ఫొటో మీద పెట్టాడు. అందరూ చూసింది చెయ్యిని, నోటిని. కళ్లను ఎవరూ చూడలేదు. ఆ కళ్లు ఫొటో కింది అంచు వైపు, నేల వైపు దిగి ఉన్నాయి.

విచారణ రోజున వకీలు పాత నల్లకోటు ఇస్త్రీ చేయించుకుని వెళ్లాడు. ఫొటోగ్రాఫరును గద్దించలేదు. వెనక్కి నడిచేటప్పుడు దారి ఎవరు చూస్తారని అడిగాడు. తమ సీనియర్ చొక్కా పట్టుకుని నడిపిస్తాడని, ఆ రోజు ఆయన రాలేదని అతను చెప్పాడు. ఆయన అలా పట్టుకుంటే కోపం వస్తుందా అని వకీలు అడిగాడు. ఎందుకొస్తుంది, అది పనే కదా అన్నాడు. అప్పుడు వకీలు ఆ ఫొటో అతని చేతికిచ్చాడు.

"ఇది మీరు తీసిందే. చెయ్యి సంగతి వదిలేయండి. ఈ మనిషి ఎటు చూస్తున్నాడో చెప్పండి."

ఫొటోగ్రాఫరు చాలాసేపు చూశాడు.

"నా కాళ్లవైపు," అన్నాడు చివరికి. "తీసింది నేనే. నేనే చూసుకోలేదు."

మధ్యాహ్నం కోర్టు మళ్లీ కూర్చోగానే అతను కేసు వెనక్కి తీసుకుంటానన్నాడు. మేజిస్ట్రేటు కూడా ఫొటో ఒకసారి అడిగి చూసి, సరేనన్నాడు.

బయట వరండాలో బ్రేకు అతని దగ్గరికి వెళ్లి, భుజం ఎలా ఉంది తమ్ముడూ అని అడిగాడు. కెమెరా ఎత్తగలుగుతున్నానని అతను చెప్పాడు.

"కాని అన్నా, ఇంకోసారి కాస్త గట్టిగా కేకెయ్యి."

"ఇంకోసారి మైకులు లేనిచోట పడు," అన్నాడు బ్రేకు. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఇప్పుడు బ్రేకు స్కూలు బస్సు మెట్ల దగ్గర నిలబడి పిల్లలకు చెయ్యి అందిస్తున్నాడు. వాళ్లు కూడా అతన్ని బ్రేకనే పిలుస్తున్నారు. వకీలు ఆఫీసు గది తలుపు పగలంతా తీసే ఉంటోంది. సాయంత్రాలు కాగితాలు పైకి చదువుకుని, అవతలివాడి సంగతి ఏమిటని తనను తనే ప్రశ్నించుకుంటున్నాడు. బాగానే ఉంటున్నాడు.

గేటు దగ్గర మెట్టు బాగుచేయించమని భార్య బతికున్నప్పుడు చాలాసార్లు చెప్పింది. అది ఇంకా చేయించలేదు.