ఉస్తోజ్ గారి భార్య

ఆడపిల్లల సాక్సులు కంపు కొట్టవని మా అత్తగారి నమ్మకం. ఎన్నడూ ఉతకలేదు కనుక ఆవిడ అలాంటి నమ్మకాలు పెట్టుకోగలదు. పదకొండేళ్ళు మా ఆయన బహోదిర్ సాక్సులు ఉతికాను. రెండేళ్ళుగా ఆయన ఫుట్‌బాల్ నేర్పే ఇరవై ఇద్దరు అమ్మాయిలవి ఉతుకుతున్నాను. తేడా ఏమీ లేదు. క్లబ్బుకి బట్టలుతికే మనిషి లేదు, ఉస్తోజ్ గారి భార్య ఉంది. ఉస్తోజ్ అంటే గురువు. ఆ మాట చెవిన పడితే చాలు, మా ఆయన ఛాతీ విప్పారుతుంది. నన్ను మాత్రం పిల్లలందరూ వదినా అంటారు.

ద్రాక్ష పందిరి కింద చెక్క మంచం మీద కూర్చుని అత్తగారు ఆ రోజు అంది: "కాస్త కనిపెట్టుకుని ఉండవే నఫోసత్. ఆ ఎడమకాలి పిల్ల, అదే మఫ్తునా, దాని పేరెత్తకుండా వాడికి ముద్ద దిగట్లేదు. నీకు ఒళ్ళు మండట్లేదూ?"

"మండుతోంది అత్తయ్యా" అన్నాను. ఆవిడ తృప్తిగా టీ చప్పరించింది.

నిజంగానే మండుతోంది. అయితే ఆవిడ అనుకునే చోట కాదు. మా ఆయన చూపు మంచిదే, ఆ పిల్ల నడతా మంచిదే. నాకు కుళ్ళు మొదట మా ఆయన మీద. పంతొమ్మిదేళ్ళప్పుడు నేనూ ఆడాను, ఎడమ అంచున, రెండు సీజన్లు. ఆయన నన్ను చూసింది కూడా మైదానంలోనే. "పెళ్ళయ్యాక కూడా ఆడుకో, నాకేం" అన్నాడు. పెళ్ళయిన వారానికి మా అత్తగారు "కోడలు మైదానంలో మోకాళ్ళు చూపిస్తూ తిరుగుతుంటే తెల్లారి వాకిలి ఊడ్చేదెవరు?" అని అడిగింది. నేను ఆయన వంక చూశాను. ఆయన సూప్ గిన్నెలోకి చూసుకున్నాడు. నా ఆట అంతే. ఎవరూ వద్దనలేదు, ఎవరూ తిట్టలేదు. తర్వాత పదకొండేళ్ళు ఆయన మూడు క్లబ్బుల్లో వెనక వరస కాపలా కాశాడు, పేపర్లో ఫొటోలు వేయించుకున్నాడు, మోకాలు పోగొట్టుకున్నాడు. నేను ఆ మోకాలికి వేడి ఉప్పు మూట కట్టాను. నా మోకాళ్ళు ఇప్పటికీ నిక్షేపంగా ఉన్నాయి. అదే నా ఏడుపు.

మగవాళ్ళ జట్టులో కోచ్ ఉద్యోగం రాలేదు, ఆడపిల్లల జట్టు ఇచ్చారు. నెల్లాళ్ళు మొహం ముడుచుకున్నాడు. "ఈ పిల్లకాయలకి నేర్పడానికా నేనింత ఆడింది?" అని. పైగా కోచింగ్ కోర్సు చదవాలి, రోజువారీ ప్రణాళికలు రాయాలి. ఆయనకి కాళ్ళున్నాయి గానీ కలం నడవదు. రాసిందంతా నేనే. ఒకసారి పులావ్‌కి క్యారెట్లు తరుగుతూ "ఆ మఫ్తునాని బంతి రాకముందే ఒంటిని గోల్ వైపు తిప్పుకుని నిలబడమనండి. వచ్చాక తిరిగితే లాభం లేదు" అన్నాను. ఆయన విన్నట్టే లేడు. మరుసటి వారం గట్టు మీద నిలబడి "ఒళ్ళు తిప్పు! ముందే తిప్పు!" అని గొంతు చించుకున్నాడు. ఆ పిల్ల తిప్పింది. రెండు గోల్స్. టీవీ వాళ్ళు అడిగితే "చాలా ఆలోచించాను" అన్నాడు. నేను ఇంట్లో ఆ టీవీ ముందు సాక్సులు జతలు కడుతున్నాను. పిల్ల మీద కుళ్ళు మొదలైంది అప్పుడే. నా మాటలతో దాన్ని ఎవరో అంత గట్టిగా కేకలేస్తున్నారు. నన్ను పదమూడేళ్ళుగా ఉప్పు తక్కువైనప్పుడు తప్ప ఎవరూ కేకలేయలేదు.

సెప్టెంబర్లో మా వీధి మునవ్వర్ అక్క వచ్చింది. వాళ్ళబ్బాయికి మఫ్తునాని చేసుకుంటున్నారట. గురువారం రొట్టె విరుస్తారు. మా ఊరు మర్గిలాన్‌లో రొట్టె విరిస్తే సంబంధం ఖాయమైనట్టే, ఇక వెనక్కి పోవడం రెండిళ్ళకీ తలవంపు. మా వీధిలో అది విరిచేది మొగుడితో హాయిగా కాపురం చేసుకుంటున్న ఆడమనిషి.

"నువ్వే విరవాలి నఫోసత్" అంది మునవ్వర్ అక్క. "ఇంకోటి. ఆ పిల్లని కాస్త పక్కకి పిలిచి చెప్పు. నువ్వూ ఆడినదానివే, మానేశావు, ఏం, హాయిగా లేవూ? నువ్వు చెప్తే వింటుంది."

సాయంత్రం ఈ మాట బహోదిర్‌తో అంటే ఆయన లెక్క ఆయనది. "మంచిదేగా, వెళ్ళు. నవంబర్ దాకా ఆడనివ్వమని అడుగు. సీజన్ అయిపోతే ఆ తర్వాత వాళ్ళిష్టం."

"ఆ తర్వాత ఆ పిల్ల గతేంటి?"

"ఏముంది, ఇంకో పిల్ల దొరుకుతుంది."

 నిజానికి నాకు లోలోపల సంతోషంగా ఉంది. దాచుకోవడమెందుకు, గురువారం పట్టు గౌను ఇస్త్రీ చేసుకుంటూ కూనిరాగం తీశాను. ఆ పిల్ల మానేస్తే నాకో తోడు దొరుకుతుంది. ఇద్దరం రొట్టెల బట్టీ దగ్గర కలుస్తాం, ఇద్దరం లావెక్కుతాం, ఒకరి కాళ్ళు ఒకరం చూసుకోకుండా మాట్లాడుకుంటాం. ఇంత చెడ్డ సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు.

మఫ్తునా వాళ్ళింట్లో మగవాళ్ళు పెద్ద గదిలో, ఆడవాళ్ళు లోపలి గదిలో కూర్చున్నారు. పిల్ల వెనక గదిలో ఉంది. గౌను అంచు కింద పిక్కల మీద గీరుకుపోయిన మచ్చలు, ఇంకా పచ్చిగా ఉన్నాయి. నేను తలుపు వేసి, చెప్పాల్సిన మాట మొదలుపెట్టేలోగా అదే అడిగేసింది.

"వదినా, ఒళ్ళు తిప్పి నిలబడమన్నది మీరే కదూ?"

"ఎవరు చెప్పారే?"

"ఎవరు చెప్పాలి? ఉస్తోజ్ వెనక వరసలో ఆడిన మనిషి. అది చూపించబోయి తన కాళ్ళే తనకి తట్టుకుని పడబోయారు. మీరు ఒకరోజు మాసిన బట్టలు తీసుకెళ్ళడానికి వచ్చారు చూడండీ, బంతి మీ మీదికొస్తే చేతిలో మూటతోనే ఒంటిని తిప్పి తన్నారు. నేనూ అలాగే తంతాను. అప్పుడే తెలిసిపోయింది."

 రెండేళ్ళలో ఆ మాట అన్నది ఇదొక్కతే. దీని మీదే నేను కుళ్ళుకుంటున్నాను.

"అబ్బాయి ఇష్టమేనా?" అని మాత్రం అడగగలిగాను.

"మంచోడే వదినా. పెళ్ళయ్యాక కూడా ఆడుకో, నాకేం, అన్నాడు."

అవే మాటలు. ఒక్క అక్షరం కూడా తేడా లేదు.

పిలిస్తే లోపలి గదిలోకి వెళ్ళాను. తెల్లటి గుడ్డ పరిచారు. రెండు రొట్టెలు ఒకదాని మీద ఒకటి పెట్టి నా చేతికిచ్చారు. ఇంకా వెచ్చగా ఉన్నాయి.

"బిస్మిల్లా అని విరువు" అంది మునవ్వర్ అక్క.

"అక్కా, పెళ్ళయ్యాక పిల్ల ఆడుతుందా?"

"రొట్టె చేతిలో పెట్టుకుని ఇప్పుడా ఆ మాటలు?"

"విరిచాక అడిగితే నాకెవరు జవాబు చెప్తారు?"

"నువ్వు మానేశావుగా!" ఆవిడ గొంతు పెరిగింది. "నీకేం తక్కువైందమ్మా?"

"విరవవే" అని మా అత్తగారు పళ్ళు బిగించి అంది. "పరువు తియ్యకు."

అబద్ధమాడి విరిచేయొచ్చు. చేతులు విరవడానికి సిద్ధంగానే ఉన్నాయి. పదమూడేళ్ళుగా అవి చెప్పిన పనల్లా చేశాయి.

"ఏం తక్కువైందో చెప్తాను అక్కా. నా మొగుడు మైదానానికి పోతుంటే నేను ఓర్చుకోలేను. ఈ పిల్ల గోల్ వేస్తే ఓర్చుకోలేను. ఇది మానేస్తుందంటే ఇవాళ పొద్దున పాట పాడుకున్నాను. నేనంత కుళ్ళుబోతుదాన్ని అయిపోయాను. హాయిగా ఉన్న మనిషి విరవాలంటారు. ఆ మనిషిని నేను కాను. ఇంకెవరినైనా చూసుకోండి."

రొట్టెలు రెండూ గుడ్డ మీద పెట్టేశాను.

 మునవ్వర్ అక్క గుడ్డ చుట్టూ కూర్చున్న పదిహేను మందినీ ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చింది. ఒకామె టీ కెటిల్ సర్దింది, ఒకామె పిల్లాడి ముక్కు తుడిచింది. ఒక్క చెయ్యీ ముందుకి రాలేదు. చివరికి ఆవిడ మా అత్తగారి వైపు తిరిగింది. నలభై రెండేళ్ళ కాపురం, నలుగురు కొడుకులు, వీధిలో అందరికంటే భాగ్యవంతురాలు.

"మీరు విరవండి పెద్దమ్మా."

మా అత్తగారు రొట్టెల వంక చాలాసేపు చూసింది. తర్వాత రెండు చేతులూ మెల్లగా భుజాల మీద కప్పుకున్న పెద్ద రుమాలు కిందికి లాక్కుంది.