అక్కెర తీరిన భాష

"ఫ్రెంచిల మాట్లాడితే పసుపు జల్ది ఉడుకుతదా, స్వరూపా?"

మా అత్త రాజవ్వ అలా అనగానే కూలికొచ్చిన ఆడవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. హైదరాబాద్‌కు చాలా దూరంలో ఉన్న మా అత్తగారి ఊరు ఇబ్రహీంపట్నంలో పసుపు ఉడకబెట్టే రోజులవి. మనుషులు చాలక, హైదరాబాద్ హాస్టల్లో ఉన్న నన్ను సెలవులు పెట్టించి పిలిపించారు. పొద్దున వంట, తర్వాత ఉడికిన కొమ్ములు ఎండలో పరచడం, చీకటిపడితే మళ్లీ వంట. పెళ్లికి ముందే ఫ్రెంచ్‌లో డిగ్రీ చేశాను. పెళ్లయ్యాక ఆ మాటలు పోకుండా గిన్నెలు తోముతూ లోలోపల చెప్పుకునేదాన్ని. ఎం.ఏ.లో సీటు వచ్చినప్పుడు నా భర్త శ్రీశైలం, ఉద్యోగం వస్తుందన్న ఆశతో, ఖతర్ నుంచే సరేనన్నాడు. "కథలు సదువుతందుకు గంత దూరం పోవాల్నా?" అని మామ ఇప్పటికీ అంటాడు. ఆ కథల్లో, ఆఫ్రికాలో ఫ్రెంచి వాళ్లు ఏలిన సెనెగల్ దేశపు ఆడవాళ్లుంటారు. మగవాళ్లు పరాయి దేశం పోతే చేనూ ఇల్లూ వాళ్లే మోస్తారు. ఏం కథలని ఆయన ఎన్నడూ అడగలేదు.

ఆ మధ్యాహ్నం అత్త ఫోన్ మోగింది. కొన్నాళ్లుగా ఫోన్ ఎత్తని శ్రీశైలం నంబరు. ఆత్రంగా మాట్లాడబోయిన అత్త ముఖం పాలిపోయింది.

"ఎవలో ఏందో అంటున్నరు. నా కొడుకు గొంతు గాదు."

పసుపు చేతులతోనే ఫోన్ అందుకున్నాను. అవతల ఫ్రెంచ్!

"నెమ్మదిగా చెప్పండి, నాకు అర్థమవుతుంది" అన్నాను ఆ భాషలోనే. అవతలి మనిషి పెద్దగా నవ్వాడు. పేరు మామదూ, సెనెగల్ వాడు, శ్రీశైలం గదిలోనే ఉంటాడట, ఇంగ్లీషూ హిందీ రావట. పనిచేస్తుండగా పైనుంచి పడి శ్రీశైలం కాలు విరిగింది. గదిలో జారిపడ్డానని ఒప్పుకోమని సూపర్‌వైజర్ ఆస్పత్రిలో ఒత్తిడి పెడుతున్నాడు.

"నేను కళ్లారా చూశాను. ఒప్పుకోవద్దని చెప్పండి" అన్నాడు మామదూ. "చూడండమ్మా, ఈ భాష మీదీ కాదు, నాదీ కాదు. అయినా మాట్లాడుకుంటున్నాం."

సాయంత్రం అతను ఫోన్ పట్టుకొని ఆస్పత్రికి వెళ్లాడు. శ్రీశైలం గొంతులో భయం. "ఒప్పుకుంటనే. ఇంటికైన పంపిస్తరు."

"ఒప్పుకోకు. మామదూ చూసిండు. నీ తరఫున చెప్తనంటుండు. నేను మాట్లాడుత."

మాట్లాడాను. ఎంబసీ వాళ్లకు మామదూ సాక్ష్యం మాట పొల్లుపోకుండా ఇంగ్లీషులో చెప్పాను. చివరికి కంపెనీ ఆపరేషన్ చేయించి, ఇవ్వాల్సిన నష్టపరిహారం ఇచ్చి పంపింది.

శ్రీశైలం చంక కర్రతో ఇల్లు చేరాడు. చూడవచ్చిన వాళ్లందరికీ "మా కోడలు ఫ్రెంచిల దంచికొట్టింది" అని మామ చెప్పుకున్నాడు. నాకు ఎంత బాగుందో! అప్పటికే సెలవులు అయిపోయాయి, పరీక్షలు దగ్గరపడ్డాయి. ఆ రోజు అన్నం తింటూ శ్రీశైలం అన్నాడు:

"నీ సదువు అక్కెరకచ్చింది. ఇగ సాలు. ఇంటికాడ ఉండు."

అత్తామామలు సరేనన్నట్టు తలూపి అన్నం కలుపుకున్నారు. నాకు కోపం రాలేదు. ఇన్నాళ్లూ ఆ భాష దేనికి పనికొస్తుందో వాళ్లకు చెప్పలేకపోయానని చిన్నబుచ్చుకునేదాన్ని. ఇప్పుడు పనికొచ్చింది. అందుకే ఇక వద్దంటున్నారు. పనికొచ్చినంతవరకే నేనూ, నా చదువూ. నేను చదివింది అందుకు కాదు. ఆ పుస్తకాలు తెరిస్తే నాకు నేను కనిపిస్తాను.

"నీ అక్కెర తీరింది. నాది తీరలే" అన్నాను. "రేపు పోతున్న."

"మరి నా అన్నం?"

"కర్ర పట్టుకొని వాడంత తిరుగుతున్నవ్. పొయ్యి దాంక రాలేవా?"

అత్త కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

తెల్లవారి బస్సెక్కి కూర్చుంటే శ్రీశైలం కుంటుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చి అడిగాడు: "మల్ల ఎప్పుడస్తవ్?"

అతను గల్ఫ్‌కు పోయేటప్పుడల్లా నేను అడిగే మాట అది. అతనెప్పుడూ చెప్పే జవాబే నేనూ చెప్పాను.

"సెలవు దొరికితే."