రెండో జ్ఞానస్నానం

స్నానాల గది కింద పొయ్యి వేకువనే రాజేయాలి. సముద్రం దాటి వచ్చి ఈ దేశాన్ని ఏలుతున్న వాండలులకు రోజూ వేడినీళ్ల స్నానం లేనిదే ముద్ద దిగదు. కార్తేజి పట్టణానికి పూట ప్రయాణంలో ఉన్న ఈ తోట ఇల్లు ఒకప్పుడు ఎవరో రోమను దొరది. వాండలు రాజు ఆఫ్రికాను గెలిచి భూములు పంచినప్పుడు ఇప్పటి యజమాని బెరెముద్ తండ్రి వంతుకు వచ్చింది. ఇంటితోపాటు తొట్టి, తొట్టితోపాటు పొయ్యి సంక్రమించాయి. ఉన్న ఇద్దరు బానిసలూ ఒలీవ తోటలో కావాలి కనుక, పొయ్యి మాత్రం బెరెముద్ భార్య, ఆ ఇంటి కోడలు రొగాతా వంతుకు వచ్చింది. "నీళ్ల వేడి ఇంటి ఆడదాని చేతికి తెలిసినట్టు బానిసకు తెలుస్తుందా?" అన్నది అత్త హిల్దగున్ తీర్పు. పొగడ్తలాగే ఉంటుంది. కాదనడానికి వీలులేని పనులన్నీ ఆ ఇంట్లో పొగడ్తల రూపంలోనే అప్పగిస్తారు.

ఆ రోజు నీళ్లు కాచింది మాత్రం తనకోసమే. రొగాతా ఈ దేశపు పిల్ల. పసితనంలోనే ఇక్కడి గుడిలో జ్ఞానస్నానం అయింది. వాండలుల గురువులు దాన్ని అంగీకరించరు. ఇద్దరూ క్రీస్తునే కొలుస్తారు గానీ, తండ్రీ కుమారుడూ సమానమని ఇక్కడివాళ్లు, కుమారుడు ఒక మెట్టు కిందనని వాళ్లు. తల్లి ఏ మెట్టు మీద ఉందో ఉభయపక్షాల్లో ఎవరికీ పట్టలేదు. రాజుగారి కొలువులో ఉన్నవాడి ఇంట్లో పాతమతం ఉండకూడదని, ఉన్నవాళ్లు వాండలుల గురువు చేత మళ్లీ జ్ఞానస్నానం పొందాలని ఆజ్ఞ వచ్చింది. బెరెముద్ కొలువు గుర్రపుశాలల మీద పెత్తనం.

"ఒక్క మునకే గదా," అన్నాడు భోజనాల దగ్గర. "మునిగి, లేచి, తుడుచుకుంటే అయిపోయె. మనసులో నువ్వు ఎవరికి మొక్కుకుంటే ఎవడు చూడొచ్చాడు?"

అత్త మాట ఇంకా సూటిగా వచ్చింది. "మేం బండి మీదే పుట్టాం, బండి మీదే పురుళ్లు పోసుకున్నాం, బిడ్డల్ని చంకన పెట్టుకుని సముద్రం దాటొచ్చాం. నీకు ఇంట్లో తొట్టి దాటడానికి ప్రాణం పోతోందా?"

ఆ వేకువ పొయ్యిలోకి కట్టెలు ఎగదోస్తూ రొగాతా ఆలోచించినది తన మతం గురించి కాదు, పాప గురించి. పాప బతికింది ఒక్క ఎండాకాలం. జ్వరం ముదిరినప్పుడు ఇక్కడి ముసలి గురువు పరుగున వచ్చి, చెంబెడు నీళ్లు తలమీద పోసి, పేరు పెట్టి వెళ్లాడు. తెల్లారేసరికి బిడ్డ పోయింది. ఆ గురువును తర్వాత ఎడారికి తరిమేశారు. జ్ఞానస్నానం కాని బిడ్డకు పైన చోటు లేదని రెండు పక్షాలూ ఏకకంఠంతో చెప్పేవే. రొగాతా ఇన్నేళ్లుగా నిద్రపోగలుగుతున్నది ఆ చెంబెడు నీళ్ల బలంతోనే. ఇక్కడి గురువుల నీళ్లు చెల్లవని ఒప్పుకుంటే, తన ఒక్కదాని నీళ్లే చెల్లకుండా పోవు. ఇంత చిన్న లెక్క మొగుడికి ఎందుకు తట్టలేదో ఆమెకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది: ఆయన పాప గురించి ఆలోచించి చాలా కాలమైంది.

వాండలుల గురువు పొద్దెక్కాక వచ్చాడు. లావుపాటి మనిషి, మంచివాడే. వేలు ముంచి చూసి, "నీళ్లు బాగా కాచారమ్మా," అని మెచ్చుకున్నాడు. తొట్టి మెట్ల మీద రొగాతాను నిలబెట్టి వాండలు భాషలో అడిగాడు: "అమ్మా, ఇష్టపూర్తిగానే వచ్చావా?"

"ఇష్టపూర్తిగానే," అన్నాడు బెరెముద్.

"నువ్వు కాదు నాయనా. ఆవిడ నోటితో ఆవిడే అనాలి. లేకపోతే క్రతువు చెల్లదు."

రొగాతా మెట్టు దిగలేదు. "అయ్యగారూ, నాకు ఇదివరకే ఒకసారి అయింది."

"అది జ్ఞానస్నానం కాదమ్మా. ఉత్త నీళ్లు."

"ఆ నీళ్లే మా పాపకూ పోశారు. ఆ తెల్లారే పోయింది."

గురువు గడ్డం సవరించుకున్నాడు. "పసిదాని సంగతి దేవుడు చూసుకుంటాడు. ఇప్పుడు అదెందుకు?"

"అది వేరు, ఇది వేరు, రొగాతా," అన్నాడు బెరెముద్.

"ఎట్లా వేరండీ?"

ఆయన గురువు వంక చూశాడు. గురువు నీళ్ల వంక చూశాడు.

"నీళ్లు చల్లారిపోతున్నాయే," అంది అత్త.

"చల్లారనీండి అత్తయ్యా," అంది రొగాతా. తర్వాత గురువు వైపు తిరిగి, ఆయన అడిగిన భాషలోనే, "నాకు ఇష్టం లేదు," అంది.

ఆ భాష ఆమెకు ఆజ్ఞల రూపంలోనే వచ్చింది. తే, పెట్టు, కాచు, తుడువు. ఇష్టం లేదన్న మాటను అన్నాల దగ్గర మొగుడి నోట, అత్త నోట వినడమే తప్ప తాను పలికిన సందర్భం లేదు. నోరు తిరుగుతుందో లేదో అనుకుంది. సులువుగానే తిరిగింది.

గురువు పుస్తకం మూసి బయటికి నడిచాడు.

"నా కొలువు పోతుందే," అన్నాడు బెరెముద్.

"పోతుందండీ. పాపను ఒకసారి పోగొట్టుకున్నాను. మీ కొలువు కోసం మళ్లీ పోగొట్టుకోలేను."