అమ్మ బొటనవేలు

అమ్మ మింగడం మరిచిపోయిన మూడో రోజు ఉదయం, ఆసుపత్రి వాళ్ళు ఆమె కుడి బొటనవేలు తెచ్చి నా అరచేతిలో పెడతారు. నెత్తురు లేదు. వెచ్చగా ఉంది.

"సంతకం మీరు చెయ్యాలి. వేలిముద్ర మాత్రం ఆవిడదే ఉండాలి," అంటుంది నర్సు. "మంచం మీంచి లేపడం దేనికని వేలు తెచ్చేశాం."

సబబుగానే ఉంది. థాంక్స్ చెబుతాను.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. రేషన్ కార్డయినా పింఛనయినా, ఏ కాగితం వచ్చినా నేనే చదివేదాన్ని. సగం చదివి, "ఏం లేదమ్మా, ఇక్కడ నొక్కు" అనేదాన్ని. అమ్మ నొక్కేది. అందులో ఏముందని ఏనాడూ అడగలేదు.

ఈ కాగితం మాత్రం మొత్తం చదువుతాను. ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి తిండి పోస్తారట. మతిమరుపు తగ్గదు. ఆయుష్షు పెరుగుతుందని చెప్పలేరు. గొట్టం పీకేసుకుంటే చేతులు కడతారు.

వేలు కాగితానికి దూరంగా జరుగుతుంది.

దానికి గుర్తుంది. మూడేళ్ళ కిందట, గొట్టంతో పడున్న పక్కింటి గౌరమ్మత్తని చూసొచ్చి అమ్మ నాతో అంది: "నాకలాటిది ఎయ్యించకే. తినగలిగినన్నాళ్ళు తింటాను." ఆ మాట విన్నది నేనూ, ఈ వేలూ.

అన్నయ్య అప్పన్న తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. వెనక చుట్టాలు. వాళ్ళందరికీ చోటు చాలక గది పొడుగవుతోంది.

"ఏటే, అమ్మని ఆకలితో సంపీద్దామనేటి? ఇందుకేనేటి నిన్ను సదివించింది?"

అమ్మ ఆనాడు చెప్పిన మాట నా నోటిదాకా వస్తుంది. చుట్టాలు ఇంకో అడుగు ముందుకు వేస్తారు. మాట మింగేస్తాను.

వేలిని పెదాల దగ్గరికి తెచ్చుకుంటాను. "ఏం లేదమ్మా. ఇక్కడ నొక్కు."

ఎప్పట్లాగే నమ్ముతుంది. నొక్కుతుంది.

గొట్టం వేస్తారు. అమ్మ పీకుతుంది. చేతులు కడతారు. నర్సు గొట్టంలో పాలు పోస్తుంది, నా కడుపు నిండుతుంది.

"సూసావా, తింటంది," అంటాడు అన్నయ్య.

ఇంకో గ్లాసు. నాకు చీర ముడి బిగుసుకుంటుంది. అమ్మ డొక్కలు మాత్రం అలాగే ఉన్నాయి.

"తీసెయ్యండి," అంటాను.

"దానికి వేరే కాగితం ఉంది," అని నర్సు వెంటనే తీసి ఇస్తుంది. "ముద్ర కావాలి."

నా చేతిలో వేలు లేదు. అది అప్పటికే దుప్పటి మీద పాకుతూ అమ్మ గడ్డం ఎక్కేసింది. అమ్మ నోరు తెరుస్తుంది. చంటిపిల్లలా చప్పరిస్తుంది. నా కళ్ళలోకే చూస్తూ, వేలిని మింగేస్తుంది.