నాచేత

ముసలాయన వీపు మీది సబ్బు నురగ తుడుస్తూ అతడు పెదవులు కదుపుతున్నాడు. "వీపు కడగబడుతుంది, నాచేత. దుప్పటి మార్చబడుతుంది, నాచేత." జర్మన్‌లో కర్మణి వాక్యాలు. పరీక్ష వచ్చే వారమే. ఇప్పటికే రెండుసార్లు తప్పాడు. ఈసారీ తప్పితే జర్మనీలోని ఈ వృద్ధాశ్రమంలో పని ఉండదు.

సాయంత్రం తరగతిలో పంతులమ్మ ఆ 'నాచేత'ను ప్రతిసారీ ఎర్రసిరాతో కొట్టేసేది. "ఎవరు చేశారో అనవసరం, జరిగింది చెప్తే చాలు" అనేది. అది అతడి బుర్రకెక్కేది కాదు. చిన్నప్పుడు తెలుగు బళ్లో 'చేత' మరిచిపోతే మాస్టారు తొడపాశం పెట్టేవాడు. యాభై రెండేళ్లొచ్చినా ఆ తొడకు ఇంకా భయం పోలేదు.

ముసలాయన ఊపిరి ఈలలా వస్తోంది. గోళ్లు నీలంగా మారాయి. అతడు పరుగున వెళ్లి పెద్ద నర్సుకు చెప్పాడు.

"డాక్టర్ని పిలవండి మేడమ్."

"రోజూ ఉండే ఆయాసమేగా. నువ్వెళ్లి మిగతా గదులు చూసుకో."

చూసుకున్నాడు. పదకొండు గదులు. తిరిగొచ్చేసరికి ఈల ఆగిపోయి ఉంది. ముసలాయన చెయ్యి మంచం అంచు మీంచి వేలాడుతోంది. దాన్నెత్తి దుప్పటి కింద పెట్టాడు.

పెద్ద నర్సు కాగితం తెచ్చింది. "పొద్దుట్నించి జరిగింది రాయి. అన్ని రిపోర్టుల్లాగే, కర్మణిలో." పక్కనే నిలబడింది.

'ఆయాసం గమనించబడింది, నాచేత' అని రాశాడు. 'డాక్టరు పిలవబడలేదు' దగ్గర పెన్ను ఆగింది. ఆమెచేత అని రాయాలి. ఆమె వేళ్లతో బల్ల మీద కొడుతోంది. నాచేత అని రాసి చుక్క పెట్టాడు.

ఆమె రెండుసార్లు చదివింది. "పర్లేదే, ఒక్క తప్పూ లేదు" అంది.

నాలుగింటికి ఆఫీసులోకి పిలిచారు. రేపట్నించి రావద్దన్నారు.

ఇంట్లో కూతురు జరిగిందంతా విని, ఆ కాగితం నకలు చదివి తల పట్టుకుంది.

"ఏంటి నాన్నా ఇది? ప్రతిదానికీ నాచేత, నాచేత అని ఎవరు రాయమన్నారు నిన్ను? ఆ నర్సుకి అబద్ధమాడే శ్రమ కూడా లేకుండా చేశావు!"

"చేత లేకపోతే వాక్యం కుంటిదమ్మా."

"అవును, ఇప్పుడు చక్కగా నడుస్తోంది. నీ మీదుగా."

అతడు నకలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆశ్రమంలో, పనివాళ్లు బట్టలు మార్చుకునే గదిలో, బెంచీ కింద ఎడమ మడమ దగ్గర అరిగిన అతడి తెల్ల రబ్బరు చెప్పుల జత ఇంకా తడిగా ఉంది.