రెండో రెక్క

తెర మీద ఆటలో అంతరిక్ష నౌక తగలబడిపోతోంది, రాక్షసులు మీదమీదకొచ్చేస్తున్నారు. తలుపులాయన వాళ్ళ వంకైనా చూడకుండా జేబులోంచి ఇనప టేపు తీసి తెరకి ఆనించాడు. ముందు నర్సు బొమ్మ ఎత్తు కొలిచాడు, తర్వాత ఆమె పక్కనున్న తలుపు వెడల్పు. ఈలోగా రాక్షసుడు నర్సుని తినేశాడు. "పోనీలే, కొలత దొరికింది" అనుకుంటూ చీటీ మీద రాసుకున్నాడు.

ఆయన లెక్కలో ఏ ఆటలోనైనా ఆడమనిషి ఎత్తు ఐదడుగుల రెండంగుళాలే, తలుపు వెడల్పు కట్టేది దాన్నిబట్టే. అది తప్పని ఆఫీసులో అందరూ చెప్పి చూశారు, ఆయన వినలేదు. ఆయన భార్య ఎత్తు అది.

సైన్స్ ఫిక్షన్ గేముల పత్రికలో చేరి పదహారేళ్ళు. మొదటి రెండేళ్ళూ ఒక్క రివ్యూ తిన్నగా రాసి చావలేదు. రాయాలంటే ముందు ఆడాలి కదా, ఈయనేమో మొదటి లెవెల్లోనే చచ్చేవాడు. ఉద్యోగం ఇవాళో రేపో అన్నట్టున్న రోజుల్లోనే భార్యకి గుండెనొప్పి వచ్చింది. స్ట్రెచర్ పడకగది గుమ్మంలో పట్టలేదు. కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్ళేసరికి ఆలస్యమైపోయింది.

నెల తర్వాత పనిలోకొచ్చి, ఓ గేములోని ఆస్పత్రి నౌక గురించి అరపేజీ రాశాడు. ఈ గుమ్మాల్లోంచి రోగి బయటికి రావడం కల్ల అని. పాఠకుల ఉత్తరాలు కట్టలుకట్టలుగా వచ్చాయి. అప్పట్నించీ నెలనెలా ఆ అరపేజీ ఆయనదే, ఆఫీసులో ఆయన పేరూ తలుపులాయనే. తలుపుల మీద రాసేవాడు లోకంలో ఇంకెవడూ లేడు మరి. పిచ్చి అనుకోండి, పాండిత్యం అనుకోండి, ఆయన్ని బతికించింది అదే.

ఇప్పుడు కొత్త ఎడిటరమ్మ వచ్చి దానికి గండం తెచ్చింది. ముప్పయ్యేళ్ళ పిల్ల, మంచిదే. పదకొండింటికి పిలిచింది.

"ఏమనుకోకండి మాస్టారూ. ఆటలో తలుపు వెడల్పుతో ఎవరికి పనండీ? అక్కడ ఎవరూ నిజంగా చచ్చిపోరు కదా."

"చచ్చిపోరమ్మా. కానీ ఆ బొమ్మ గీసినవాడు రేపు ఇల్లు కట్టుకుంటాడు. అప్పుడైనా గుర్తొస్తుందని."

ఇదే అదను అనుకుని ఆమెని ఆఫీసు గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళాడు. రెండు రెక్కల తలుపది. ఒక రెక్కకి ఎప్పుడో గడియ పెట్టేసి, పాత సంచికల బీరువా అడ్డం పెట్టారు. తెరిచున్న రెక్క వైపు టేపు లాగాడు.

"ఇరవై నాలుగంగుళాలు. స్ట్రెచరే ఇరవై రెండుంటుంది. పట్టుకున్నవాళ్ళు చేతులెక్కడ పెట్టుకుంటారు?"

ఇంతకుముందు ముగ్గురు ఎడిటర్లకి చెప్పాడీ మాట. ముగ్గురూ నవ్వేసి ఊరుకున్నారు. ఈమె కూడా నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది.

"బీరువా తీయిస్తే నన్ను వదిలేస్తారా?"

"మరి అరపేజీ?"

"మీతో నా వల్ల కాదు మాస్టారూ. సాయంత్రం చెప్తాను."

నలుగురు సణుక్కుంటూ బీరువా జరిపారు. గడియ తుప్పు పట్టి బిగుసుకుపోయుంది. ఆయనే రెండు చుక్కలు నూనె వేసి, తట్టి తట్టి ఊడదీశాడు. రెండో రెక్క కిర్రుమంటూ తెరుచుకుంది. టేపుని ఈ చివర నుంచి ఆ చివరకి లాగి, మీట నొక్కి బిగించి, "నలభై ఎనిమిది" అన్నాడు, ఎవరికో చెబుతున్నట్టు. చిన్నపిల్లాడిలా టేపుని అలా చాపే పట్టుకుని తన బల్ల దగ్గరికి వెళ్ళాడు.

భోజనాలయ్యాక కూర్చుని అరపేజీ రాసేశాడు. మూడింటికి బల్ల మీద తలవాల్చి ఉంటే కునుకు తీస్తున్నాడనుకున్నారు. నాలుగింటికి ఎడిటరమ్మ వచ్చి భుజం తట్టింది. రెండోసారి తట్టలేదు.

స్ట్రెచర్ వచ్చింది. చెరోవైపూ ఇద్దరిద్దరు పట్టుకున్నారు, ఒకవైపు ఎడిటరమ్మ. గుమ్మం దగ్గర ఎవరూ ఆగలేదు, ఎవరి చెయ్యీ రెక్కకి తగల్లేదు. గడప దాటాక గానీ ఆ సంగతి ఆమెకి తట్టలేదు. తట్టాక మెట్ల మీదే కూలబడి ఏడ్చింది.

తిరిగొచ్చి ఆ అరపేజీ తీసింది. నర్సు ఎత్తు ఐదడుగుల రెండంగుళాలని ఉంది. అక్షరం ముట్టుకోకుండా అచ్చుకి పంపింది.

ఆయన బల్ల మీద టేపు నలభై ఎనిమిది దగ్గర బిగించి, అలా చాపే ఉంది.