ఇంగ్లీషు మాత్రమే

విశాలాక్షమ్మ తెలుగు పండితురాలిగా గోదావరిఖనికి వచ్చింది 1964లో. అప్పటికామెకు ముప్పై రెండేళ్లు. సొంతూరు మంథని. పదహారో ఏట భర్త పోతే పుట్టింటికి తిరిగొచ్చి, తండ్రి దగ్గర సంస్కృతం, తెలుగు చదువుకుంది. ఒక్కో పరీక్ష ప్రైవేటుగా రాస్తూ ప్రాచ్యభాషల్లో పట్టా తెచ్చుకుంది. ఆ పట్టాతోనే ఉద్యోగం వచ్చింది. కానీ బడిలో అందరికన్నా కింది గ్రేడు ఆమెదే. స్టాఫ్‌రూములో మాటలు ఇంగ్లీషులోకి మళ్లినప్పుడల్లా ఆమె దిద్దాల్సిన కాపీలు ముందుకు లాక్కునేది.

కాలనీ చివర ఒక గది అద్దెకు తీసుకుంది. గని కూత వేసినప్పుడల్లా వీధి మనుషులతో నిండి, మళ్లీ ఖాళీ అయ్యేది. ఆ వచ్చేపోయేవాళ్లలో ఆమె తలుపు తట్టేవాళ్లు ఎవరూ లేరు. పక్కింట్లో రాయమల్లు, పోశవ్వ ఉండేవారు. రాయమల్లు గనిలో బొగ్గు నింపుతాడు. వీధి నల్ల దగ్గర నీళ్లు పట్టుకునేటప్పుడు పోశవ్వ పలకరించేది, విశాలాక్షమ్మ జవాబిచ్చేది. అంతే. మడి కట్టుకునే ఇంట పుట్టిన మనిషి, పోశవ్వ ఇంట్లో మంచినీళ్లయినా ముట్టలేదు. పోశవ్వ కూడా ఎన్నడూ ఇవ్వబోలేదు.

ఒకరోజు హెడ్మాస్టరు ఆమెను పిలిచి ఒక సంగతి చెప్పాడు.

"మీరు బి.ఏ. మొత్తం చదవనక్కర్లేదమ్మా. మీ పట్టాను యూనివర్సిటీ లెక్కలోకి తీసుకుంటుంది. ముందు పి.యు.సి. ఇంగ్లీషు, తర్వాత బి.ఏ. ఇంగ్లీషు. ఆ రెండూ పాసైతే డిగ్రీ ఇస్తారు, గ్రేడూ పెరుగుతుంది."

"ఇంగ్లీషు ఒక్కటేనా?"

"ఒక్కటే."

విశాలాక్షమ్మకు ఇంగ్లీషులో అక్షరాలు వచ్చు, తన పేరు రాయడం వచ్చు. అంతకుమించి రాదు.

ఇంగ్లీషు చెప్పే ఉమామహేశ్వర్‌దీ మంథనే. అడిగితే సరేనన్నాడు. సాయంత్రాలు ఆమె గది ముందున్న అరుగు మీద కూర్చుని చెప్పేవాడు. నెల గడిచేసరికి వీధిలో మాటలు పుట్టాయి. అవి మంథని దాకా పోయి, అక్కణ్ణుంచి అతని భార్య శారదాంబ చెవిన పడ్డాయి.

"రేపటినుంచి రానక్కయ్యా," అన్నాడతను తల దించుకొని. "ఇంట్లో పడనిస్తలేరు."

ఆమె చాపలు చుట్టి లోపల పెట్టుకుంది. ఆ వారమంతా ఆలోచించి, హెడ్మాస్టరు దగ్గరికెళ్లి అడిగింది.

"ఎనిమిదో తరగతి ఇంగ్లీషు గంటలో నాకు పాఠం లేదు. వెళ్లి ఆఖరి బెంచీలో కూర్చుంటాను."

"పిల్లలతోనా?"

"అంతమంది ముందు కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు గదండీ."

మొదటిరోజు ఆమె పుస్తకం పట్టుకుని లోపలికి రాగానే, అలవాటు కొద్దీ పిల్లలంతా లేచి నిలబడ్డారు. ఆమె బల్ల దాటిపోయి చివరి బెంచీలో కూర్చుంటే ఏం చేయాలో తోచక అట్లాగే నిలబడిపోయారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఉమామహేశ్వర్ సుద్దముక్క కోసం వెతుకుతున్నట్టు అటు తిరిగాడు. అతను ఆ ఏడాదంతా ఆమెను ఒక్క ప్రశ్నా అడగలేదు. తప్పు చెబితే పిల్లల ముందు ఆమె చిన్నబోతుందని అతని భయం. తనను అడగకుండా దాటిపోయినప్పుడల్లా ఆమె మరింత చిన్నబోయేది.

1968లో కరీంనగర్ వెళ్లి పి.యు.సి. ఇంగ్లీషు రాసింది. తప్పింది. మరుసటేడు మళ్లీ రాద్దామనుకునేసరికి ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మొదలైంది. బడులు, కాలేజీలు మూతపడ్డాయి. పరీక్షలు ఎప్పుడో, ఉంటాయో ఉండవో ఎవరికీ తెలియదు. బడి ఉన్నన్నాళ్లూ పిల్లల గొంతులైనా చెవిన పడేవి. ఇప్పుడు పొద్దంతా ఆమె మాట ఆమెకే వినబడేది. ఇంగ్లీషు పాఠం పైకి చదివేది. పలుకు తప్పో ఒప్పో చెప్పేవాళ్లు లేరు.

ఆ ఎండాకాలంలోనే జ్వరం పట్టుకుంది. రెండు రోజులు తలుపు తీయలేదు. బడి లేదు గనుక రాలేదేమని అడిగేవాళ్లు కూడా లేరు. మూడోనాటి పొద్దున పోశవ్వ తలుపు బాదింది.

"పంతులమ్మా! నల్ల కాడికి రాకపోతివి, ఏమైందే?"

విశాలాక్షమ్మ గోడ పట్టుకుని వచ్చి గడియ తీసింది. పోశవ్వ ముందు చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకుంది. తర్వాత ఏమైతే అదైందని నుదురు ముట్టుకుంది.

"పెయ్యి సలసల కాలుతుంది గదా! గిట్ల ఒక్కదానివే పడుంటవా? గోడకు ఇవతల మేం లేమా? ఏమన్న తిన్నవా?"

తినలేదన్నట్టు తలూపింది.

"జావ కాసిస్త. మీ గిన్నెల్నే, మీ పొయ్యి మీదనే కాసిస్త తియ్. నేను ముట్టుకుంటె తాగుతవా మరి?"

విశాలాక్షమ్మ మంచం మీద కూలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీ ఇంట్లోనే కాసి తీసుకురా పోశవ్వా," అంది.

పోశవ్వ ఆమె మొహం వంక చూసి, తన ఇంటికి వెళ్లింది. జొన్నజావ తెచ్చి, చల్లార్చి, దగ్గరుండి తాగించింది. మధ్యాహ్నం రాయమల్లు డ్యూటీ దిగి, స్నానమైనా చేయకుండా రిక్షా పిలుచుకొచ్చాడు. ఇద్దరూ కలిసి ఆమెను దవాఖానకు తీసుకెళ్లారు. కోలుకున్నాక కూడా ఆమె వాళ్లింటికి వెళ్లడం మానలేదు. పోశవ్వ వంట చేస్తుంటే గడప దగ్గర పీట వేసుకుని ఇంగ్లీషు చదువుకునేది.

"గదేం భాషనో గని, కోపానికి వచ్చినట్టె ఉంటది," అనేది పోశవ్వ.

పి.యు.సి. ఇంగ్లీషు 1970లో గట్టెక్కింది. బి.ఏ. ఇంగ్లీషుకు మరో రెండేళ్లు పట్టింది. ఫలితం తెలిసిన రోజే ఆమె మంథని బస్సెక్కింది. తండ్రి అప్పటికి లేడు. అన్న అనంతరామ్ విని, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు.

"నలభై ఏండ్లకు బి.ఏ. ఏం జేసుకుంటవు? నాన్న చెప్పిన చదువు సాలలేదా?"

"నాకు చాలిందన్నయ్యా. బడివాళ్లకే చాలలేదు."

అన్న కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. వదిన అన్నం పెట్టింది. సాయంత్రం బస్సుకే ఆమె తిరిగొచ్చి, తన గది తాళం తీయకముందే పక్కింటికి వెళ్లింది.

"పాసైన, పోశవ్వా," అంది, తనకు తెలియకుండానే పోశవ్వ యాసలో.

"అయితివా! నా తల్లే!" పోశవ్వ పిండి చేతులతోనే ఆమెను వాటేసుకుంది. "మరి గిప్పుడు ఏమైతది?"

ఏమవుతుందో ఆ వేసవి సెలవులయ్యేలోగా తెలిసింది. గ్రేడు పెరిగింది. పై గ్రేడు ఖాళీ మందమర్రి బడిలో ఉంది. బదిలీ.

"పాస్ గాకున్న మంచిగుండు," అంది పోశవ్వ. వెంటనే నాలిక కరుచుకుని, సామాను కట్టడంలో పడింది.

రైలుస్టేషన్ దాకా ఇద్దరూ వచ్చారు. పోశవ్వ దారిలో తినడానికి సర్వపిండి కట్టిచ్చింది. రైలు కదిలాక విశాలాక్షమ్మ చాలాసేపు కిటికీ వైపు చూడలేదు.

మందమర్రి బడిలో స్టాఫ్‌రూములో ఆమెకు పెద్ద కుర్చీ ఇచ్చారు. హెడ్మాస్టరు ఇంగ్లీషులో స్వాగతం చెప్పాడు. ఆమెకు ప్రతి మాటా అర్థమైంది. ఇంగ్లీషులోనే జవాబిచ్చింది. ఎవరూ నవ్వలేదు, ఆశ్చర్యపోనూ లేదు. అక్కడివాళ్లకు ఆమె మొదటినుంచీ బి.ఏ.నే. కాసేపటికి అందరూ ఎవరి పని వాళ్లు చూసుకున్నారు.

సాయంత్రం కొత్త గది ఊడ్చుకుని, గడపలో కూర్చుంది. షిఫ్టు వదిలినట్టుంది, వీధి నిండా మనుషులు. ఎదురింటావిడ మల్లక్క బిందె చంకనెత్తుకుని పోతూ ఆగింది.

"కొత్తగొచ్చిండ్రా అమ్మా? ఒక్కరేనా? ఎవ్వరు లేరా మీకు?"

విశాలాక్షమ్మ కాస్త ఆలోచించింది.

"గోదావరిఖనిలో ఒకామె ఉంది," అంది.